లంక పొగాకు ఘాటు, వరిలో సుడిదోమ: మొక్క తనను తాను ఎలా కాపాడుకుంటుంది?

గోదావరి లంకల్లో పొగాకు వేసేవాళ్లకు ఒక సంగతి తరతరాలుగా తెలుసు. మొక్క మొగ్గ తొడిగే వేళకు తల తుంచాలి. తుంచాక ఆకుల మొదళ్ల దగ్గర పుట్టుకొచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లేస్తూ ఉండాలి. అలా చేస్తేనే ఆకు మందంగా, బరువుగా దిగుతుంది, చుట్టలో ఘాటు నిలుస్తుంది. తుంచకుండా వదిలేస్తే మొక్క పూతకెళ్లిపోతుంది, ఆకు చప్పబడుతుంది.

దీనికి రైతులు చెప్పే కారణం, పువ్వుకు పోవాల్సిన బలం ఆకుకు వస్తుందని. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం వేరులో ఉంది. పొగాకు ఘాటుకు మూలమైన నికోటిన్ ఆకులో తయారవదు, వేళ్లలో తయారై నీటితో పాటు పైకి ఎక్కుతుంది. 1940లలోనే అంటు కట్టి చూసి ఈ సంగతి తేల్చారు. టమాటా వేరు మీద పొగాకు కొమ్మ అంటు కడితే ఆ ఆకుల్లో నికోటిన్ దాదాపు ఉండదు. పొగాకు వేరు మీద టమాటా కొమ్మ కడితే టమాటా ఆకుల్లోకి నికోటిన్ చేరుతుంది. తల తెగినప్పుడు మొక్కలో రెండు మార్పులు జరుగుతాయి. కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ హార్మోన్ ఆగిపోతుంది. గాయం వల్ల జాస్మోనిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ పెరుగుతుంది. ఆ కబురు వేళ్లకు చేరగానే అవి నికోటిన్ తయారీ పెంచుతాయి. అంటే మొక్క లెక్కలో, ఏదో వచ్చి తన తల కొరికేసింది, ఇక విషం పెంచాలి. ఆ విషమే రైతుకు ఘాటు, రేటు. (ఈ జాస్మోనిక్ ఆమ్లం కుటుంబంలో ముందుగా దొరికింది 1962లో, సన్నజాజి నూనెలోని పరిమళ పదార్థంగా. కడియం పూల మార్కెట్లో గుబాళించే వాసనకు, లంకలో పొగాకు ఘాటుకు ఇలా ఒక చుట్టరికం ఉంది.)

నికోటిన్ పురుగుల నరాల మీద పనిచేస్తుంది. ఒక నరం నుంచి మరో నరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం కూర్చోవాల్సిన చోట నికోటిన్ వెళ్లి కూర్చుంటుంది. నరాలు అదుపు తప్పి పురుగు వణికి చచ్చిపోతుంది. ఇది పాఠ్యపుస్తకాల్లో చాలాకాలంగా ఉన్న విషయమే. కానీ ప్రయోగశాలలో పురుగును చంపే పదార్థం పొలంలో, గాలిలో, ఎండలో, నానా రకాల పురుగుల మధ్య మొక్కను నిజంగా కాపాడుతోందా? ఈ ప్రశ్నను పట్టుకుని జీవితకాలం పనిచేసిన శాస్త్రవేత్త ఇయాన్ బాల్డ్విన్. అమెరికాకు చెందిన ఈ పర్యావరణ శాస్త్రవేత్త జర్మనీలోని యేనా నగరంలో 1996లో మొదలైన మాక్స్ ప్లాంక్ రసాయన పర్యావరణ పరిశోధన సంస్థలో ఒక విభాగాన్ని నడిపారు. ఆయన ఎంచుకున్న మొక్క నికోటియానా అటెన్యుయాటా, అంటే అమెరికా ఎడారుల్లో కార్చిచ్చు తర్వాత మొలకెత్తే అడవి పొగాకు. మన లంక పొగాకుకు దాయాది వరస.

అంతకుముందు, 1983లో, జాక్ షుల్ట్జ్‌తో కలిసి ఆయన రాసిన పరిశోధన పత్రం ఒకటి పెద్ద దుమారం రేపింది. ఆకులు చింపిన చెట్ల పక్కనున్న చెట్లలో కూడా రక్షణ రసాయనాలు పెరిగాయని అందులో చూపారు. 'చెట్లు మాట్లాడుకుంటున్నాయి' అని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఆ శీర్షిక పత్రికలకు పనికొచ్చినంతగా శాస్త్రానికి పనికి రాలేదు. ప్రయోగం తీరు మీద విమర్శలు వచ్చాయి, ఆ రంగం కొన్నాళ్లు వెనకబడింది. బాల్డ్విన్ తర్వాతి పనిలో కనిపించే పట్టుదల, అంటే ప్రతిదీ పొలంలో, సహజమైన పురుగుల మధ్యే రుజువు కావాలనడం, ఆ అనుభవంతో కలిపి చూస్తే బాగా అర్థమవుతుంది.

పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. మొక్కలో ఒక్క జన్యువును మాత్రమే నోరు మూయించాలి, మిగతా మొక్క అంతా మామూలుగా ఉండాలి. ఆ మొక్కను మామూలు మొక్క పక్కనే అమెరికాలోని యూటా ఎడారిలో నాటాలి. మందు కొట్టకూడదు, వల కప్పకూడదు. ఎవరు వచ్చి తింటారో చూడాలి. 2004లో ఇలా నికోటిన్ తయారీని ఆపేసిన మొక్కలు నాటితే, అవి మామూలు మొక్కలకంటే మూడింతల ఆకు పోగొట్టుకున్నాయి. వాటిని ఎక్కువ ఇష్టపడ్డ పురుగుల్లో మన పొగాకు లద్దె పురుగుకు దగ్గర బంధువు కూడా ఒకటి.

మరైతే మొక్క ఎప్పుడూ విషం నిండుగా ఎందుకు పెట్టుకోదు? ఖర్చు. నికోటిన్‌లో నత్రజని ఉంటుంది, అదే నత్రజని గింజకూ కావాలి. 1998లో బాల్డ్విన్ ప్రచురించిన ప్రయోగంలో జాస్మోనేట్, అంటే జాస్మోనిక్ ఆమ్లం కుటుంబపు పదార్థం, పూసి కొన్ని మొక్కల రక్షణను ముందే తట్టిలేపారు. పురుగుల తాకిడి ఉన్నచోట ఆ మొక్కలు ఎక్కువ విత్తనం ఇచ్చాయి. తాకిడి లేనిచోట అవే మొక్కలు పక్కవాటికంటే తక్కువ విత్తనం ఇచ్చాయి. పురుగు రాకపోతే రక్షణ దండగ ఖర్చు. వ్యవసాయంలో దిగుబడి కోసం ఎంచుకుంటూ వచ్చిన పంట రకాల్లో రక్షణ పలచబడడానికి ఒక కారణం ఇక్కడ దొరుకుతుంది. ఎన్నో తరాలుగా మనం గింజ వైపే మొగ్గాం.

ఇంతవరకూ కథ మొక్కకూ పురుగుకూ మధ్య. ఆసక్తి పెరిగేది మూడో మనిషి, అదే మూడో పురుగు వచ్చాక. అడవి పొగాకును తినే పెద్ద గొంగళి మాండూకా సెక్స్టాకు నికోటిన్ అంటే లెక్కలేదు. తిన్నది తిన్నట్టు బయటికి పంపేస్తుంది. చిత్రం ఏమిటంటే, కత్తితో గీస్తే నికోటిన్ పెంచే మొక్క, ఈ గొంగళి కొరికితే మాత్రం పెంచదు. గొంగళి ఉమ్మిలోని కొవ్వు పదార్థాలను గుర్తుపట్టి ఇథిలీన్ వాయువు విడుదల చేస్తుంది, అది నికోటిన్ తయారీని తగ్గిస్తుంది. పనిచేయని ఆయుధం మీద డబ్బు పోయడం మానేసిందని ఒక వివరణ. ఆ విషాన్ని గొంగళే తన రక్షణకు వాడుకోకుండా మొక్క జాగ్రత్త పడిందని ఇంకో వివరణ. రెండో వివరణ వినగానే అతిగా అనిపిస్తుంది. కానీ 2014లో అదే బృందం చూపింది ఇదే. గొంగళి తిన్న నికోటిన్‌లో చాలా చిన్న భాగం రక్తంలోకి చేరుతుంది, దాన్ని పక్కల ఉన్న శ్వాస రంధ్రాల్లోంచి బయటికి ఊదుతుంది. రాత్రిపూట వేటకొచ్చే తోడేలు సాలీడు ఆ ఘాటుకు వెనక్కి తగ్గుతుంది. నికోటిన్ లేని మొక్క తిన్న గొంగళిని మాత్రం సాలీడు వదలదు.

అందుకే ఈ గొంగళి విషయంలో మొక్క వేరే దారి పడుతుంది. కొరికిన ఆకుల్లోంచి కొన్ని వాసనలు వదులుతుంది. లినలూల్ వాటిలో ఒకటి. ఆ వాసన పట్టుకుని జియోకోరిస్ అనే పెద్దకళ్ల నల్లి వచ్చి గుడ్లనూ పిల్ల గొంగళులనూ పీల్చేస్తుంది. పైగా ఆ వాసన ఉన్న మొక్క మీద తల్లి రెక్కల పురుగు గుడ్లు పెట్టడం కూడా తగ్గిస్తుంది. ఈ రెండూ కలిస్తే గొంగళుల సంఖ్య 90 శాతానికి పైగా తగ్గగలదని 2001లో ఆండ్రే కెస్లర్, బాల్డ్విన్ లెక్క తేల్చారు. 2011లో ఇంకో సంగతి బయటపడింది. ఆకు మీద నూగు చివర జిగట చక్కెర బొట్లుంటాయి. గుడ్డు చిట్లించుకుని వచ్చిన పిల్ల గొంగళికి అదే మొదటి విందు. తిన్నాక దాని ఒళ్లూ రెట్టా ఒక రకం వాసన కొడతాయి, చీమలు ఆ వాసన పట్టుకుని వచ్చి ఎత్తుకెళ్తాయి. పరిశోధకులు ఈ బొట్లకు దుష్ట లాలీపాప్‌లని సరదాగా పేరు పెట్టారు.

డెల్టా రైతుకు బాగా పనికొచ్చే ప్రయోగం మాత్రం వీటన్నిటికంటే తక్కువ ప్రచారం పొందింది. 2004లోనే, జాస్మోనేట్ కబురు మొత్తం తెగిపోయేలా చేసిన మొక్కలను ఎడారిలో నాటారు. మామూలుగా పొగాకును తినే పురుగులు వాటిని ఎక్కువ తిన్నాయి, అది ఊహించిందే. ఊహించనిది ఇంకోటి జరిగింది. అంతవరకూ ఆ మొక్క జోలికే రాని పచ్చదోమ జాతి పురుగు ఒకటి వచ్చి కాపురం పెట్టింది. రక్షణ అంటే ఉన్న శత్రువును ఆపడం మాత్రమే అనుకుంటాం. ఇన్నాళ్లూ రాని పురుగులు ఎందుకు రావట్లేదో కూడా ఆ రక్షణే నిర్ణయిస్తోంది. ఫలానా పురుగు మన పంటకు రాదు, అది పెద్ద సమస్య కాదు అని రాసుకునే జాబితాలు మొక్క లోపలి పరిస్థితి మారితే తారుమారవుతాయి.

ఇక వరికి వద్దాం. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, చేను పొట్ట మీదికి, ఈనిక మీదికి వచ్చే రోజుల్లో డెల్టాలో అందరికీ టెన్షన్ పెట్టేది సుడిదోమ. గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ తెలియదు, పైన ఆకు పచ్చగానే ఉంటుంది. మడిలో దిగి దుబ్బును రెండు చేతులా పక్కకు వంచి చూడాలి. నీటి మట్టానికి కాస్త పైన, కాండం మొదట్లో, గోధుమరంగు దోమలు గుంపుగా అంటుకుని ఉంటాయి. చెయ్యి తగలగానే కొన్ని అడ్డంగా జరిగి కాండం అవతలికి తప్పుకుంటాయి, కొన్ని నీళ్లలోకి దూకి మళ్లీ పైకి ఎక్కుతాయి. అవి వదిలిన తీపి జిగురు మీద నల్లటి మసి పట్టి ఉంటుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే చేను మధ్యలో గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండిపోయిన మచ్చలు కనిపిస్తాయి. అప్పుడు అందరికీ కనిపిస్తుంది.

సుడిదోమ కొరకదు. సన్నటి సూదిలాంటి నోటిని లోపలికి దించి, చక్కెర మోసే నాళంలోంచి రసం పీలుస్తుంది. గాయం చిన్నది కాబట్టి, గొంగళి కొరికినప్పుడు మోగినంత గట్టిగా జాస్మోనేట్ గంట మోగదు. తట్టుకునే రకాల్లో మాత్రం మొక్క ఇంకో పని చేస్తుంది. దోమ సూది దించిన నాళంలో కాలోజ్ అనే పదార్థం పేరుకుని దారి మూసేస్తుంది. దోమకు రసం అందదు, తేనె జిగురు కూడా పెద్దగా వదలదు. తట్టుకోలేని రకాల్లోనూ కాలోజ్ వస్తుంది గానీ, దాన్ని కరిగించే ఎంజైమ్ కూడా వెంటనే పెరిగి దారి మళ్లీ తెరుచుకుంటుంది. చైనా శాస్త్రవేత్తలు 2008లో ఈ తేడా చూపారు. మరుసటి ఏడాది, 2009లో, సుడిదోమను తట్టుకునే జన్యువుల్లో మొట్టమొదటిగా బీపీహెచ్ 14ను విడిగా పట్టుకున్నారు (బీపీహెచ్ అంటే సుడిదోమ ఇంగ్లిష్ పేరు బ్రౌన్ ప్లాంట్‌హాపర్‌కు పొట్టి రూపం).

ఈ జన్యువుల వేట చాలా ముందే మొదలైంది. 1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 26 అనే రకాన్ని విడుదల చేసింది. అందులోని నిరోధక జన్యువు బీపీహెచ్ 1, అది ముడ్గో అనే భారతీయ నాటు రకంలో దొరికింది. రెండు మూడేళ్లకే అక్కడి దోమ దాన్ని గెలిచేసింది. తర్వాత బీపీహెచ్ 2తో ఐఆర్ 36 వచ్చింది. మన దేశంలో కథ ఇంకా విచిత్రం. దక్షిణాసియా సుడిదోమ ముందు నుంచీ వేరే తరహాది, దానికి ఈ రెండు జన్యువులూ అడ్డే కాదు. అక్కడ గెలిచిన రకం ఇక్కడ మొదటి రోజే ఓడిపోతుంది. అందుకే ఈ పని స్థానికంగా జరగాల్సి వచ్చింది. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన కేంద్రం డెల్టాకు నడిబొడ్డున ఉండడం ఇక్కడే కలిసొచ్చింది. ఎంటీయూ అంకెలతో వచ్చే రకాలన్నీ అక్కడివే. దేశమంతా పాకిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, 1982లో అక్కడ పుట్టింది. 2000లో వచ్చిన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010, కృష్ణవేణి, ఐఆర్ 64 రకాల సంకరం. సుడిదోమను కొంతవరకు తట్టుకుంటుందన్న పేరు దానికి ఉంది.

ఉల్లికోడు విషయంలోనూ ఇదే పోలిక. పిలక లోపలికి దూరిన పురుగు మొక్క చేతనే తనకో ఇల్లు కట్టించుకుంటుంది, ఆకు రావాల్సిన చోట ఉల్లికాడలా తెల్లటి గొట్టం వస్తుంది. ఈ పురుగులో మన దేశంలోనే అరడజనుకు పైగా తరహాలు గుర్తించారు. ఒక జిల్లాలో నిలిచిన నిరోధక రకం పక్క జిల్లాలో పడిపోవడం అందుకే. విత్తన సంచి మీద 'తట్టుకుంటుంది' అని రాసి ఉంటే, ఏ ఊరి పురుగును అన్న ప్రశ్న కూడా అడగాలి. ఆ ప్రశ్న అడిగే రైతు, జవాబు చెప్పే షాపు రెండూ అరుదే.

జన్యువు ఉంటే సరిపోదు, దానికి తిండి ఎలా పెడుతున్నామన్నది ఇంకో లెక్క. యూరియా ఎక్కువైన చేనుకు సుడిదోమ ఎక్కువ వస్తుందని డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. కారణం రసంలో ఉంది. చక్కెర నాళాల్లో చక్కెర పుష్కలం, అమైనో ఆమ్లాలు కొరత. దోమ పెరుగుదలకు అడ్డం ఆ కొరతే. యూరియా బస్తా మీద బస్తా పడితే ఆ కొరత తీరిపోతుంది, ఆడదోమ పెట్టే గుడ్ల సంఖ్య పెరుగుతుంది. ఇంకోపక్క ఆకు మెత్తబడుతుంది, చేను గుబురెక్కి అడుగున నీడా తేమా నిలుస్తాయి. పచ్చగా నిగనిగలాడే చేను గట్టు మీద గొప్పగా ఉంటుంది, దోమకూ అలాగే ఉంటుంది.

దీనికి ఎదురు నిలిచే పదార్థం సిలికా, ఇసుకలో ఉండే పదార్థమే. వరి దాన్ని నేల నుంచి తెగ పీల్చుకుంటుంది, ఎండు మొక్క బరువులో పదో వంతు దాకా అదే ఉండొచ్చు. కోతల్లో చేతులు కోసుకుపోయేది ఆ గరుకు వల్లే. కాండం తొలిచే పురుగు పళ్లు ఆ గరుకుకు అరిగిపోతాయి. గరుకుతో కథ అయిపోలేదు. ఆకుముడత పురుగు మీద చేసిన పరిశోధనలో, సిలికా అందిన వరిలో జాస్మోనేట్ రక్షణ కూడా త్వరగా, గట్టిగా స్పందిస్తుందని 2013లో తేలింది. జాస్మోనేట్ పెరిగితే మొక్క సిలికాను ఎక్కువ పీల్చుకుంటుందని కూడా. ఎకరాల కొద్దీ గడ్డి పొలం నుంచి బయటికి పోతే ఆ సిలికా కూడా దాంతోనే పోతుంది. మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికానే అని తెలిసి కూడా దాన్ని ఎరువుగా ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం కాస్త ఆశ్చర్యమే.

ఇప్పుడు వాసన దగ్గరికి తిరిగి రావచ్చు, ఎందుకంటే వరి కూడా లినలూల్ వదులుతుంది. పురుగు పట్టిన వరిలో లినలూల్ ఒక్కసారిగా పెరుగుతుంది. చైనాలో ఆ తయారీని ఆపేసిన వరి మొక్కలను పొలంలో నాటి 2012లో ఫలితాలు ప్రచురించారు. లినలూల్ లేని మొక్కల దగ్గర మిత్ర పురుగులు తగ్గాయి, సుడిదోమలు పెరిగాయి. ఇదే ప్రయోగంలో కారియోఫిల్లీన్ అనే ఇంకో వాసన మిత్ర పురుగునూ పిలుస్తోంది, సుడిదోమనూ పిలుస్తోంది. మొక్క కేకలన్నీ దానికి మేలే చేస్తాయనుకోవడానికి లేదు. కోనసీమ కొబ్బరి రైతులకు ఇది ఇంకో రూపంలో తెలుసు. కొమ్ము పురుగు పొడిచిన చోటి నుంచో, కత్తి గాటు నుంచో వచ్చే వాసనకే ఎర్రముక్కు పురుగు వెతుక్కుంటూ వస్తుంది. పచ్చి మట్టను చెట్టుకు ఆనుకుని నరకొద్దు, మీటరుకు పైగా వదిలి నరకమని చెప్పేది అందుకే.

వరిలో ఆ వాసనకు వచ్చేవాళ్లలో అనాగ్రస్ అనే పురుగు ఉంది. మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి దుమ్ము రేణువులా కనిపిస్తుంది. కాండం పొర లోపల దాచిన సుడిదోమ గుడ్డును వెతికి పట్టుకుని, అందులో తన గుడ్డు పెడుతుంది. దోమ పిల్ల రావాల్సిన గుడ్డులోంచి అనాగ్రస్ వస్తుంది. గుడ్లు పీల్చే మిరిడ్ నల్లులు, పిల్ల దోమలను పట్టే సాలీళ్లు, అక్షింతల పురుగులు, ఇవన్నీ అదే దుబ్బు చుట్టూ తిరుగుతుంటాయి. మందు కొడితే ముందు పోయేది వీళ్లే. గుడ్లు కాండంలో భద్రంగా ఉంటాయి, సాలీడు నీటి మీద బయట పరిగెడుతూ ఉంటుంది. వారం తర్వాత గుడ్లు చిట్లి పిల్లలు వచ్చేసరికి ఎదురుగా ఎవరూ ఉండరు. డెల్టామెత్రిన్, మిథైల్ పారాథియాన్ లాంటి మందులు కొట్టిన చేలల్లో సుడిదోమ కొట్టని చేలకంటే ఎక్కువైందని 1970, 80 దశకాల్లోనే ఫిలిప్పీన్స్‌లో తేల్చారు. పీటర్ కెన్‌మోర్ అనే శాస్త్రవేత్త సాలీళ్ల లెక్కలు తీసి ఈ వాదనకు బలం ఇచ్చాడు. ఇండొనేసియా ప్రభుత్వం 1986లో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. అప్పట్లో అది సాహసం. ఆ నిర్ణయం వెనక ఉన్నది సుడిదోమే.

ఇక్కడ మళ్లీ పొగాకు వచ్చి చేరుతుంది. సుడిదోమకు ఏళ్ల తరబడి కొట్టిన ఇమిడాక్లోప్రిడ్ నికోటిన్ పనిచేసే చోటే పనిచేస్తుంది, నరంలో అదే తలుపు. ఈ జాతి మందులను నియోనికోటినాయిడ్లు, అంటే కొత్త నికోటిన్ లాంటివని పిలుస్తారు. డైనోటెఫ్యూరాన్ కూడా ఆ కుటుంబమే, తర్వాత వచ్చిన ట్రైఫ్లుమెజోపైరిమ్ కుటుంబం వేరైనా తట్టేది అదే తలుపు. 2005 నాటికే ఆసియాలో చాలాచోట్ల సుడిదోమ ఇమిడాక్లోప్రిడ్‌కు అలవాటు పడడం మొదలైంది. తేడా ఎక్కడుందంటే, అడవి పొగాకు నికోటిన్‌ను అవసరమైనప్పుడు, అవసరమైనంత, ఏ పురుగో చూసుకుని వాడుతుంది. పనికిరాని పురుగు వచ్చినప్పుడు తగ్గించేస్తుంది కూడా. మనం దాని నకలును నారుమడి నుంచి కోత దాకా, దోమ ఉన్నా లేకున్నా, చేను చేనంతా వాడాం. అలా వాడితే అలవాటు పడని పురుగు ఉండదు.

మందు కొట్టడం పూర్తిగా మానమని ఇక్కడ వాదన కాదు. సుడులు పడ్డ చేనుకు లినలూల్ గురించి చెబితే ఎవరూ వినరు, వినకూడదు కూడా. కౌలుకు చేసే రైతుకు ఒక్క పంట పోతే అప్పు రెండేళ్లకు తీరదు, అతను సాలీళ్లను లెక్కపెడుతూ కూర్చోలేడు. కానీ మొక్క సొంత రక్షణకు చోటిచ్చే పనుల్లో కొన్నిటికి ఖర్చు లేదు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమని వ్యవసాయ శాఖ ఏటా చెబుతుంది. వదిలితే గాలీ వెలుతురూ మొదళ్ల దాకా దిగుతాయి, స్ప్రే చేయాల్సి వచ్చినా మందు మొదట్లో పడుతుంది. కూలీలతో గుత్తకు నాట్లు వేయించేటప్పుడు ఆ బాటలు నిలవడం కష్టమవుతుంది, స్థలం పోతుందన్న బెంగ ఇంకోటి. పొగాకు నారుమళ్ల చుట్టూ ఆముదం వేయడం రాజమహేంద్రవరంలోని పొగాకు పరిశోధన సంస్థ ఎప్పటినుంచో చెబుతూ వచ్చిన పని. లద్దె పురుగు తల్లి ముందు వెడల్పాటి ఆముదం ఆకు మీదే గుడ్ల ముద్ద పెడుతుంది, ఆ ఆకు తుంచి నాశనం చేస్తే సరి. వరిలో దీనికి దగ్గరగా ఉండేది గట్ల మీద పూల మొక్కలు పెంచడం. థాయిలాండ్, వియత్నాం, చైనాల్లో జరిగి 2016లో ఫలితాలు వెలువడిన ప్రయోగాల్లో, గట్టు మీద నువ్వు లాంటి తేనెపూల మొక్కలు వేసిన రైతులు పురుగుమందు 70 శాతం తగ్గించారు, దిగుబడి 5 శాతం పెరిగింది. అనాగ్రస్‌కు గుడ్లు వరిలో దొరుకుతాయి గానీ, దాని కడుపుకు కావాల్సిన తేనె వరి పువ్వులో ఉండదు. గట్టు మీది పువ్వు ఆ లోటు తీరుస్తుంది. డెల్టాలో గట్లు ఏటేటా సన్నబడుతున్నాయి. మిగిలిన గట్టు మీద కలుపు మందు పడుతోంది. కంది, బెండ వేసే పాత అలవాటు కొన్ని ఊళ్లలోనే మిగిలింది.

ఒక రకం సుడిదోమను తట్టుకుంటుందా లేదా అని తేల్చే పద్ధతిలోనూ, పొలంలో నిజంగా ఏం జరుగుతోందన్న బాల్డ్విన్ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. పరిశోధన కేంద్రాల్లో ట్రేల్లో నారు పెంచి, పది పన్నెండు రోజుల మొలకల మీద దోమలను వదులుతారు. ఏమాత్రం తట్టుకోలేని టీఎన్ 1 రకాన్ని, బాగా తట్టుకునే పీటీబీ 33 రకాన్ని పక్కపక్కనే పెడతారు. టీఎన్ 1 దాదాపు మొత్తం చచ్చిన రోజున మిగతా వరసలకు మార్కులు వేస్తారు. వేగంగా, చవకగా, వేలాది రకాలను జల్లెడ పట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. అయితే ఆ ట్రేలో కొలిచేది మొక్క ఒంటరిగా ఎంత నిలుస్తుందో అదొక్కటే. అనాగ్రస్‌ను గట్టిగా పిలిచే గుణం ఉన్న రకం అక్కడ టీఎన్ 1 పక్కనే చచ్చి లెక్కలోంచి పోవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే మందు కొట్టని మళ్లలో నాటి, దోమ గుడ్లలో ఎన్నిట్లోంచి అనాగ్రస్ వస్తోందో లెక్కపెట్టాలి. దానికి చాలా మళ్లు, ఓపికగా సూక్ష్మదర్శిని ముందు కూర్చునే మనుషులు, కనీసం రెండు మూడు సార్వాలు కావాలి. మధ్యలో ఒక ఏడాది దోమ రాకపోతే ఆ ఏడాది ఖర్చంతా లెక్కలోకి రాకుండా పోతుంది.